ముట్టని కాఫీ

కరోనా ఆంక్షలు తొలగిన మరుసటి ఏడాది నన్ను సౌదీలోనే దమ్మామ్ నుంచి హుఫూఫ్ శాఖకు పర్సనెల్ ఆఫీసరుగా బదిలీ చేశారు. కంపెనీకి అప్పుడే ఒక చమురు ప్లాంటులో రవాణా కాంట్రాక్టు వచ్చింది. లోపలికి వెళ్లే డ్రైవర్లకు గేట్ పాస్ కావాలి. పోలీసు రికార్డులో ‘సాబిఖా’, అంటే పాత శిక్ష, ఉన్నవాడికి పాస్ ఇవ్వరు. మా డ్రైవర్లలో కడప ఖాజాకు అది ఉంది. చాలా ఏళ్ల క్రితం ఖర్జూరాల మార్కెట్లో, బండి నిలిపే చోటు మీద గొడవపడి ఒక వ్యాపారిని తోశాడు. ఆయన చెయ్యి విరిగింది. ఖాజా జైలు శిక్ష పూర్తిచేశాడు. పాస్ రానివాళ్లను వీసా రద్దుచేసి, ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపమని పైనుంచి ఉత్తర్వు.

శిక్ష ముగిసి, గడువు దాటాక రికార్డు తీసేయమని దరఖాస్తు చేసుకోవచ్చు. అరబ్బీలో ఆ ప్రక్రియ పేరుకు అర్థం గౌరవాన్ని తిరిగి ఇవ్వడం. ఆ పేరు నాకు నచ్చింది. దెబ్బ తిన్నవాడు క్షమించానని సంతకం చేస్తే దరఖాస్తుకు బలం. ఖాజాను వెంటబెట్టుకొని ఆ వ్యాపారి ఇంటికి వెళ్లాను.

ముసలాయన మమ్మల్ని మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, కూర్చోబెట్టి చిన్న కప్పుల్లో కాఫీ పోయించాడు. నేను కప్పు కింద పెట్టాను. మా తాత భూముల వ్యాజ్యంలో సర్వం పోగొట్టుకున్నాడు గానీ, తగువు తేలకుండా ఎదుటివాడి ఇంట మంచినీళ్లు ముట్టలేదు. ఆస్తి నాదాకా రాలేదు, నియమం వచ్చింది.

“తాగండి సార్! ఆయప్ప తప్పు పట్టుకుంటాడు,” ఖాజా తెలుగులో గొణిగాడు. “మీ జమీందారీ మీ ఊర్లో పెట్టుకోండి. నా బతుకు ఆ కప్పులో ఉండాది.”

ఊరుకోమన్నాను.

ముసలాయన కప్పు వైపు చూసి, నా కోరికేమిటో చెప్పమన్నాడు. చెప్పాను. ఖాజాను ఎగాదిగా చూశాడు.

“వీడా? అప్పుడు ఎద్దులా ఉండేవాడు. మీ కంపెనీలో తిండి పెట్టరా?” అని, నా వైపు తిరిగి, “ఇక తాగు. నీ పని అయినట్టే” అన్నాడు.

ప్రభుత్వ ఆఫీసుల పనులు చూసే మా సౌదీ ఉద్యోగి తర్వాత వివరించాడు. కోరికతో వచ్చిన అతిథి కాఫీ కింద పెడతాడట, తీరుస్తానని మాట వచ్చాకే తాగుతాడట. తాగకుండా వెళ్లనిస్తే ఆ ఇంటికి తలవంపు.

ఖాజా రికార్డు పోయింది, పాస్ వచ్చింది. నేను మాత్రం ఎవరినీ దేబిరించని వంశమనుకుంటూ వెళ్లి, ఆ ఇంటి లెక్కలో అర్థించే వచ్చాను. రిటైరయ్యేదాకా ఇటువంటి పనుల మీద వెళ్లిన ప్రతిచోటా కప్పు కింద పెట్టాను, తెలిసే. అడిగేది తన కోసం కానప్పుడు, ఎవరినీ అడగకూడదన్న మా ఇంటి పట్టింపు అడ్డురాదని నేను నేర్చుకున్నది అక్కడే.