ఒంటరి మనిషి ఫోటో

కోడుమూరు దాటి మట్టిరోడ్డు పట్టుకుంటే, ఒక గుట్ట మీద వాన కొలిచే కేంద్రం ఉంది. దానికి కాపలా నేనే, గుమాస్తా నేనే. పదేళ్లుగా రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు వాననీళ్లు కొలిచి పుస్తకంలో రాస్తాను. మా సీమలో వాన కొలిచే ఉద్యోగమంటే నవ్వొస్తోందా? నవ్వండి. సున్నా రాయడానికి కూడా మనిషి కావాలి.

పోయిన ఎండాకాలం హైదరాబాదు నుంచి ఒక ఫోటోగ్రాఫరు దిగాడు. మారుమూల ఒంటరిగా పనిచేసేవాళ్ల బతుకును ఉన్నదున్నట్టు చూపిస్తాడట. ఉన్నదున్నట్టు! వచ్చీ రాగానే నా బండిని గది వెనక్కి తోయించాడు. దండెం మీది బట్టలు తీయించాడు. రేడియో ఆపించాడు. "నవ్వకండి, దూరంగా చూడండి" అన్నాడు. దూరంగా ఏముంది, నాపరాళ్ల గుట్టలు! అపార్టుమెంటులో పక్క తలుపువాడి పేరు కూడా తెలియని పెద్దమనిషి, ఒంటరితనమంటే ఏమిటో నాకు నేర్పడానికి అంత దూరం వచ్చాడు.

అసలు నేను ఒంటరిగా ఉన్నదెప్పుడు? రోజూ ఏడు గంటలకల్లా గొర్రెలు తోలుకుని ఒక ముసలాయన వచ్చేవాడు. "ఏమప్పా, వానేమన్నా వస్తాదా?" అని అడిగి, మూటలోని జొన్నరొట్టె సగం తుంచి నాకు పెట్టేవాడు. ఒక వానాకాలం నేను టైఫాయిడ్‌తో మంచాన పడితే, వారం రోజులు కొలత తీసింది ఆయనే. అక్షరం ముక్క రాదు. గీతల గ్లాసులో నీళ్లు పోసి, పక్కన ఒక పుల్ల నిలబెట్టి, నీళ్లు ఎంతవరకుంటే అక్కడ కత్తితో గాటు పెట్టేవాడు. రోజుకో పుల్ల. వాన లేని రోజుకు గాటు లేని పుల్ల. వాటిని వరుసగా నా మంచం కింద పేర్చాడు. నేను లేచాక ఒక్కో పుల్లనూ గ్లాసు పక్కన పెట్టి అంకెలు రాసుకున్నాను. కింద సంతకం మాత్రం నాదే.

ఫోటోలు తీసే రోజు ఆయన స్నానం చేసి, ఉతికిన తలగుడ్డ చుట్టుకుని వచ్చాడు.

"నన్ను గూడా తీయమనప్పా. ఆధార్ కార్డుది తప్ప నాకు ఒక్క ఫోటో గూడా లేదు. ఆ గ్లాసు పట్టుకోని నిలబడ్తా" అన్నాడు.

ఆ మాట ఫోటోగ్రాఫరుకు చెప్పాను. ఇంకో మనిషి కనబడితే ఏకాంతం చెడిపోతుందట. గొర్రెలు కూడా వద్దట. థూ! అక్కడే వాడి మొహాన నాలుగు మాటలు అనాల్సింది. కానీ పేపర్లో పడతానన్న ఆశ నా నోరు నొక్కేసింది.

"తాతా, కొంచెం పక్కకు పో. మళ్ల తీపిస్తాలే" అన్నాను.

ఆయన గొర్రెల్ని కిందికి తోలి, గది వెనక నా బండి పక్కన కూర్చున్నాడు. మళ్లీ తీయించిందేమీ లేదు.

మూడు నెలలకు కర్నూలులో ప్రదర్శన పెట్టారు. నా ఫోటో చూపించుకోవాలన్న పిచ్చిలో ఆయన్ని బండెక్కించుకుని తీసుకుపోయాను. ఏసీ హాలు. చేతిలో కాఫీ కప్పులు పట్టుకుని "అబ్బ, ఎంత ఏకాంతమో!" అని తలలూపే జనం. ఎద్దు పుండు కాకికి ముద్దా? తలుపంత ఫోటోలో నేను దిగులుగా నాపరాళ్లు చూస్తున్నాను. ముసలాయన దగ్గరికి పోయి ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికాడు.

"కింద ఏమి రాసినారు? చదువప్పా."

"పదేళ్లుగా ఈ మనిషికి తోడు ఎవరూ లేరు" అని చదివాను. నా గొంతు నాకే అసహ్యమనిపించింది. "వానికి కండ్లు లేవు తాతా, కండ్లుంటే నిన్ను ఇడిసిపెడ్తాడా?" అని ఫోటోగ్రాఫరును తిట్టడం మొదలుపెట్టాను.

ఆయన నా వైపు తిరిగాడు.

"ఆయప్పకేం తెలుసు సారూ? నన్ను పక్కకు పొమ్మనింది మీరు గదా."

పదేళ్లలో ఆయన నన్ను సారూ అనడం అదే మొదటిసారి.

ఇప్పుడు గొర్రెల్ని గుట్టకు అవతలి పక్క నుంచి తోలుకుపోతున్నాడు. ఎనిమిదిన్నరకు నేను గ్లాసు పట్టుకుని నిలబడితే గొర్రెల గంటలు వినపడతాయి, అంతే. రమ్మనండి ఆ ఫోటోగ్రాఫర్ని. ఇప్పుడు ఎవర్నీ పక్కకు పొమ్మనే పని లేదు.