గంధం పూసిన జనరేటరు

1984లో తిరుత్తణి బస్టాండు పక్కన నాకు జనరేటరు రిపేరు కొట్టు ఉండేది. ఆ నవంబరు తుపానుకు కరెంటు స్తంభాలు ఒరిగిపోయిన మధ్యాహ్నం, దగ్గరి పల్లె నుంచి మునస్వామి నాయుడు, కొత్తగా కొన్న జనరేటరు నడవడం లేదని కబురు పంపాడు. సైకిలెక్కాను. తొక్కానంటే అబద్ధమవుతుంది; గాలే తీసుకెళ్ళింది. దారిలో ఎవరిదో కోళ్ళగూడు నన్ను దాటి ముందుకు పోయింది. లోపల పెట్ట నిమ్మళంగా కూర్చునే ఉంది.

నాయుడి కోడలు గిరిజ గుమ్మంలోనే ఎదురైంది. ఆమె ఇంట్లో ఇంక్యుబేటరు పెట్టుకుంది. అంటే కోడి లేకుండా కరెంటు వేడితో గుడ్లు పొదిగే పెట్టె. మామగారు ఒప్పుకున్నది ఒక్క విడతకే. పిల్లలు లేస్తే ఆమె కోళ్ళ పెంపకం సాగుతుంది, లేకుంటే పెట్టె అటకెక్కుతుంది. గుడ్లు పగలాల్సిన రోజు అదే.

"అన్నా, పెట్టె చల్లబడతా ఉండాది. దుప్పట్లు కప్పినాను. సీక్రం చూడన్నా!"

"జనరేటరు యాడ పెట్టినావు మామా?" అన్నాను నాయుడితో.

"నడింట్లో. కొత్త బండిని వానలో నానబెడతారా ఎవురైనా?"

"తలుపులన్నీ మూసిన ఇంట్లో దీని పొగ నిండితే, గుడ్ల కంటే ముందు మనం పోతాం మామా. అది నడవకపోవడమే మంచిదైంది."

ఇద్దరం దాన్ని మోసుకెళ్ళి, ఇంటికి దూరంగా, మూడు పక్కలా తెరిచి ఉన్న బండి కొట్టంలో వాన తగలకుండా పెట్టాం. తాడు లాగితే గుర్రుమని లేచి, దగ్గి, ఆగిపోయింది. పెట్రోలు ఉంది. స్పార్క్ ప్లగ్గు బాగుంది. ఎయిర్ ఫిల్టరు చూశాను. ఇంజను గాలి పీల్చుకునే చోటు అదే, దాని ముక్కు అనుకోండి. దాని మీద గంధం వేలెడు మందాన గడ్డకట్టి ఉంది, పైన కుంకుమ బొట్టు!

"ఎవురు పూసినారు మామా?"

"నేనే. ఆయుధపూజకు మొదలుపెట్టినాను. శుక్రవారం శుక్రవారం పూస్తా ఉండా. ఇంటికొచ్చిన లచ్చిమి కదరా!"

"లచ్చిమికి నుదుట్న పెడతారు గానీ ముక్కులో కూరుతారా? ఊపిరి యాడ్నించి ఆడుతుంది?"

అంత బెంగలోనూ గిరిజ ఫక్కున నవ్వింది.

"ఏది ముక్కో, ఏది నుదురో అమ్మినోడు చెప్పొద్దా?" అన్నాడు నాయుడు గంభీరంగా.

గంధం గీకి, ఫిల్టరును కిరసనాయిల్లో కడిగి ఆరబెట్టి బిగించాను. ఈసారి తాడు లాగగానే ఊరంతా వినబడేలా అందుకుంది. వెంటనే నాయుడు రేడియో తీగ, ట్యూబులైట్ల తీగ తగిలిద్దామని చేతికెత్తుకున్నాడు.

"మామా, పెట్టెకు తప్ప దేనికీ ఇచ్చేది లేదు" అని గిరిజ అడ్డం నిలబడింది. అంతటి నాయుడూ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

పొద్దు వాలేముందు పెట్టెలో టిక్కు టిక్కుమంది. నాయుడు చెవి ఆనించి అరిచాడు: "గిరిజా, లోపల ఎవురో తలుపు తడతా ఉండారమ్మా!"

ఆ రోజు నుంచి ఏ ఇంట్లో జనరేటరు దించినా, పొగ పోయే దారి, గాలి పీల్చే దారి ముందు చూపిస్తాను. బొట్టు పెట్టాల్సిన చోటు పెయింటుతో నేనే గీసిస్తాను. భక్తిని ఆపలేం, దారి చూపగలం.

కరెంటు వచ్చేదాకా ఆ కోడిపిల్లలు జనరేటరు చప్పుడులోనే పెరిగాయి. సర్వీసుకని దాన్ని బండి మీద తీసుకెళ్తుంటే, అన్నీ వరుసకట్టి ఊరి పొలిమేర దాకా వెంటవచ్చాయి. నమ్మనివాళ్ళు గిరిజను అడగండి, చెన్నపట్నం దాకా వచ్చాయంటుంది. వాటి వెనకే నాయుడు.

"ఒరే, తల్లిని తీసుకపోతా ఉండావు, పొద్దు గూకేలోపల తెచ్చియ్యి. అట్లనే మా కోడలికి గుడ్లు పొదిగే పెట్టె ఇంకోటి యాడ దొరుకుతాదో కనుక్కోని రా!"