గాజులు తొడుక్కున్న నాగరాజు

మా పక్కింటి యాయి పోయారు. పోయిన మంగళవారం ఉదయం నేను ఆఫీస్ కాల్‌లో ఉండగా ఆవిడ కూతురి మెసేజ్ వచ్చింది: "అమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది." కెమెరా ఆపేశాను. అవతల ఎవరో నా పేరు పిలుస్తున్నారు.

యాయి అంటే వాళ్ల భాషలో అమ్మమ్మ. టెక్సస్‌లోని ప్లేనోలో మా రెండిళ్లకీ మధ్య ఒక చెక్క కంచె ఉంది. పదకొండేళ్లు దానికి అటు ఆవిడ, ఇటు నేను. ఆవిడ అసలు పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు. మా అమ్మాయి యాయి అని పిలవడం మొదలుపెడితే అందరికీ అదే అలవాటైంది. ఆవిడది థాయిలాండ్‌లో మేకాంగ్ నది ఒడ్డున ఒక పల్లె. ఆ ప్రాంతాన్ని వాళ్లు ఈసాన్ అంటారు. అది మన ఈశాన్యమేనని తెలిసిన రోజు నాకు చుట్టరికం కలిసినంత సంబరమేసింది. ఇక్కడికొచ్చాక ముప్పై ఏళ్లు బట్టలు ఆల్టర్ చేసే షాపులో కుట్టుపని చేశారు. ఆవిడ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది. ఆ మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. నాకవి అలాగే గుర్తున్నాయి.

మా పరిచయం నాగుల చవితి నాడు జరిగింది. మా అత్తయ్య మొదటిసారి అమెరికా వచ్చిన ఏడాది అది. పుట్టలో పాలు పోయకుండా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని కూర్చున్నారు. చివరికి మా పెరటి మూలలో చీమల పుట్ట ఒకటి ఆవిడ కంటపడింది.

"అత్తయ్యా, అవి టెక్సస్ చీమలు. కుడితే బొబ్బలెక్కుతుంది. దాంట్లో పాముండదు."

"ఉంటాడో ఉండడో నీకెందుకమ్మాయ్? మన పని మనం చేద్దాం. తాగేవాడు తాగుతాడు."

పాలు పోశారు, కోడిగుడ్డు పెట్టారు, చలిమిడి పెట్టారు. దణ్ణం పెట్టుకుంటుండగానే చీమలు చీర కుచ్చిళ్లు ఎక్కేశాయి. అత్తయ్య గెంతులు చూసి కంచె మీదుగా ఒక తాటాకు టోపీ పైకి లేచింది. రెండు నిమిషాల్లో యాయి చిన్న మందు డబ్బీతో మా పెరట్లో ఉన్నారు. అత్తయ్య పాదాలకి తనే మందు రాసి, పుట్ట దగ్గర పాలు చూసి, ఎవరికి అన్నట్టు చెయ్యి తిప్పారు.

"నాగేంద్రుడికి," అన్నారు అత్తయ్య తెలుగులోనే.

"నాగ్?" అన్నారావిడ. మళ్లీ అడిగారు. "నాగ్?"

ఆ చీమల పుట్టకి ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని మొక్కారు. ఆ తరవాత ఇద్దరూ మెట్ల మీద కూర్చుని అరగంట మాట్లాడుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. అరచెయ్యి పడగలా విప్పి అత్తయ్య ఐదు వేళ్లు చూపిస్తే, ఆవిడ ఏడు చూపించారు.

యాయి లెక్కలో మేకాంగ్ నది నాగరాజుది. నది వంపులన్నీ ఆయన పాకిన దారి. ఏటా బౌద్ధ సన్యాసుల వానాకాలపు దీక్షలు ముగిసే పున్నమికి నీళ్లలోంచి ఎర్రటి వెలుగు ఉండలు చప్పుడు లేకుండా పైకి లేస్తాయని, బుద్ధుడికి నాగరాజు పట్టే హారతి అదేనని చెప్పేవారు. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని చూశారట. ఆవిడ మనవడు హ్యూస్టన్‌లో ఇంజనీరు. అతను వచ్చినప్పుడల్లా ఈ వాదన ఉండేది.

"గ్రాండ్‌మా, అది గ్యాస్. నది అడుగున మీథేన్ ఉంటుంది."

"గ్యాసే అయ్యుండచ్చు," అనేవారు యాయి, తోటకూర కోసుకుంటూ. "ఆ రోజే రమ్మని దానికి ఎవరు చెప్పారు?"

మన పంచాంగంలో మేఘాధిపతి ఉన్నట్టే, వాళ్ల పంచాంగంలో ఆ ఏడు ఎన్ని నాగులు నీళ్లిస్తాయో రాసి ఉంటుంది. ఎక్కువ నాగులుంటే మంచి వాన అనుకున్నాను నేను. కాదట. ఒక్క నాగు ఉంటే వాన దంచికొడుతుంది. ఏడుంటే, పక్కవాడు ఇస్తాడులే అని ఎవరికి వాళ్లు ఊరుకుంటారు. నేను ఆఫీసు నుంచి మొహం వేలాడేసుకుని వచ్చిన రోజు యాయి కంచె దగ్గరే ఆపి అడిగేవారు.

"మీ ప్రాజెక్టుకి ఎన్ని నాగులు?"

"పదకొండు, యాయి."

"అయితే కరువే."

నేను మా మేనేజర్‌కి కూడా ఈ మాట చెప్పాను. ఆయన నవ్వి, టీమ్‌ని నలుగురికి కుదించాడు.

ఇప్పుడు చెప్పబోయేది, ఆవిడని తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చే సంగతి. యాయి వాళ్ల గుడి ఊరికి ఉత్తరాన, ఒకప్పుడు గుర్రాలు పెంచిన స్థలంలో ఉంది. డాక్టరు ఆవిడని కారు నడపొద్దన్నాక శనివారాలు నేనే తీసుకెళ్లేదాన్ని. కొత్త మందిరం కట్టి, మెట్లకి రెండు పక్కలా పెట్టడానికి థాయిలాండ్ నుంచి రెండు నాగుల్ని ఓడలో తెప్పించారు. పెట్టె విప్పితే ఒకదాని తల పిండయిపోయి ఉంది. ప్రతిష్ఠకి ఐదు వారాలే ఉన్నాయి. కమిటీవాళ్లు భోజనాల బల్ల చుట్టూ కూర్చుని మధ్యాహ్నమంతా వాదించుకున్నారు. వాయిదా వేద్దామని కొందరు, తల లేకుండా గుడ్డ కప్పి ఉంచుదామని కొందరు. యాయి నూడుల్స్ గిన్నె పక్కన పెట్టి లేచారు. వాళ్ల మాటల్ని ఆవిడ కూతురు నా చెవిలో ఇంగ్లీషులో చెబుతోంది.

"తల నేను చేస్తాను."

పెద్దాయన ఒకరు మెత్తగానే అన్నారు: "అక్కా, ఇది గుడ్డ కాదు కుట్టడానికి. సిమెంటు."

"మా నాన్న మూడు గుళ్లకి నాగుల్ని చేశాడు. సిమెంటు కలిపి అందించింది నేను. ఈ కమిటీలో నాగులు ఎక్కువయ్యాయి. ఈ ఏడాదికి ఒక్కటి చాలు."

మర్నాటి నుంచి ఆవిడ గరాజ్‌లో కారుకి చోటు లేదు. ఇనుప వల, కడ్డీలు, సిమెంటు బస్తాలు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. సూది పట్టి పట్టి వంకర పోయిన వేళ్లు. పది రోజులు కష్టపడి లేపిన తల ఆగస్టు ఎండకి మెడ దగ్గర నిలువునా పగిలింది. నేను వెళ్లేసరికి బోర్లించిన బకెట్ మీద కూర్చుని దాన్నే చూస్తున్నారు. ఆ వారాంతం మనవడు వచ్చాడు. మీథేన్ ఊసెత్తలేదు. పగిలిన మెడలో చెయ్యి పెట్టి చూసి, "లోపల సపోర్ట్ చాలలేదు, గ్రాండ్‌మా," అని లావు కడ్డీలు తెచ్చి వంచి ఇచ్చాడు. యాయి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి రోజుకి నాలుగుసార్లు తడి తువ్వాళ్లు కప్పారు.

ఇక పొలుసులు మిగిలాయి. ఓడలో దెబ్బతినకుండా వచ్చిన నాగుకి ఆకుపచ్చ గాజు పొలుసులున్నాయి. ఇక్కడ షాపుల్లో వెతికితే ప్లాస్టిక్ తప్ప దొరకలేదు. అది శ్రావణ శుక్రవారం. పేరంటం నుంచి వస్తూ నేను గరాజ్‌లోకి తొంగిచూశాను. యాయి నా చెయ్యి పట్టుకుని, గాజుని గోటితో టక్కుమని కొట్టి విన్నారు.

"గాజేనా?"

ఇండియన్ స్టోర్‌లో ఉన్న ఆకుపచ్చ గాజులన్నీ తెచ్చేశాను. సాయంత్రం అత్తయ్యతో వీడియోలో చెబితే ఆవిడ మొహం మారిపోయింది. "కొత్త గాజులు పగలగొట్టడానికిస్తావా? తప్పమ్మాయ్." ఆ మాట యాయికి నసుగుతూ చెప్పాను. ఆవిడ ఒక గాజు తీసి తిప్పి చూసి, "మీ అత్తగారికి చెప్పు, ఒక్కటీ పగలదు," అన్నారు.

నిజంగానే ఒక్కటీ పగలగొట్టలేదు. తడి సిమెంటులో ప్రతి గాజునీ సగం దిగేసి, దాని మీద ఇంకొకటి సగం కప్పేలా వరసలు పేర్చారు. బయటికి కనిపించే ప్రతి వంపూ ఒక పొలుసైంది. వీడియోలో చూస్తూ అత్తయ్య కళ్లజోడు సర్దుకున్నారు.

"మొత్తానికి నాగేంద్రుడికి గాజులు తొడిగిందన్నమాట. పసిపిల్లల సైజులు కూడా కొను. మెడ పైకి వెళ్లేకొద్దీ సన్నబడాలి కదా."

ప్రతిష్ఠ అనుకున్న రోజుకే జరిగింది. ఓడలో వచ్చిన నాగు కోపంగా ఉంటుంది. యాయి తల చేసినది కొంచెం నవ్వుతున్నట్టుంటుంది. "గుడ్డ కాదు" అన్న పెద్దాయన అందరికంటే ముందు వచ్చి ఆవిడకి తల వంచి నమస్కరించారు. ఆ తల ఎక్కడ చేయించారని ఎవరైనా అడిగితే యాయి సమాధానం ఒకటే: "ప్లేనోలో, గరాజ్‌లో." ఆ చలికాలం మంచు గడ్డకట్టినప్పుడు ఓడలో వచ్చిన నాగు తోకకి బీట పడింది. యాయి చేసిన తల చెక్కుచెదరలేదు. ఈ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు. నేను మాత్రం కనిపించిన వాళ్లందరికీ చెప్పాను.

మొన్న ఆదివారం ఆ గుడిలోనే అంత్యక్రియలు జరిగాయి. పోయినవాళ్లకి పుణ్యం చేరాలని ఇంటి మగవాళ్లలో ఒకరు ఆ ఒక్కరోజు సన్యాసం తీసుకోవడం వాళ్ల ఆచారం. మనవడు తీసుకుంటానన్నాడు. ఎవరూ అడగలేదట. గుండు గీయించుకునే ముందు అతన్ని తెల్లబట్టల్లో కుర్చీలో కూర్చోబెట్టారు. అందరూ అతన్ని "నాగ్" అని పిలుస్తున్నారు. ఎందుకని అడిగితే యాయి కూతురు చెప్పింది: పూర్వం ఒక నాగు మనిషి రూపంలో వచ్చి సన్యాసుల్లో కలిసిందట. నిద్రలో అసలు రూపం బయటపడితే, పాములకి ఇక్కడ చోటు లేదన్నారట. పోనీ నా పేరైనా ఉంచండి అని అడిగిందట. అందుకే సన్యాసానికి వచ్చే ప్రతివాడూ ముందు కాసేపు నాగు.

ఆమె కత్తెర నా చేతికిచ్చింది. "అమ్మ తరఫు పెద్దవాళ్లు తలా ఒక పాయ కత్తిరించాలి."

"నేనా?"

"ఇక్కడ అమ్మ తరఫున ఇంకెవరున్నారు?"

మనవడు నాకు అందేలా తల ఇంకాస్త వంచాడు. "ఇట్స్ ఓకే, ఆంటీ. కట్ చేయండి."

కత్తిరించిన పాయని అరిటాకులో పెట్టాను. కాసేపటికి గుండు గీసి, కనుబొమలు కూడా తీసేసిన అతని మొహం ఎండలోకి తిరిగింది. చెప్పులు విడిచి, యాయి నాగు పక్కనుంచి మెట్లెక్కుతున్నాడు. చెవి వెనక, కత్తికి తప్పించుకున్న వెంట్రుక ఒకటి గాలికి కదులుతూ మెరుస్తోంది.