ఉత్తకాళ్ళ మేస్త్రి

పుంగనూరులో లారీలు బాగుచేసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. బండెక్కే ముందు చెప్పులు కిందే విడిచేవాడు. చూసినవాళ్ళు అది భక్తి అనుకునేవాళ్ళు. ఆయనకు మాత్రం అది పని. పగుళ్ళు పట్టిన ఆ అరికాళ్ళను క్యాబిన్ నేలకు ఆనించి, గేరుబాక్సులో ఏ కుదుపు ఎక్కడిదో పట్టేసేవాడు.

మదనపల్లె నుంచి టమాటా తోలే నా లారీ ఒకసారి ఎత్తు రోడ్డు ఎక్కనని మొండికేసింది. గేరుబాక్సు పోయిందనీ, మొత్తం విప్పాలనీ ఇద్దరు మెకానిక్కులు తేల్చేశారు. ఏడుపు ఒక్కటే తక్కువగా ఈయన దగ్గరికి తీసుకెళ్ళాను. మా డ్రైవరు నడుపుతుంటే మేమిద్దరం పక్కన కూర్చున్నాం. ఎత్తులో ఇంజను ఒకటే అరుపు, లారీలో మాత్రం వేగం లేదు.

"గేరుబాక్సు బంగారమట్ల ఉండాది. జారతాండేది క్లచ్చి," అన్నాడు మేస్త్రి. "ఇంజనుకు బలమేమన్నా ఎక్కిచ్చినావాప్పా?"

"లేదు మేస్త్రీ," అన్నాను.

"అట్లయితే గేరుబాక్సే విప్పి సూద్దాం."

"వద్దొద్దు! బెంగుళూరులో ట్యూనింగు చేయించినా. పికప్పు బాగుంటాదని..."

"ఇంజనుకు బలం పెంచితివి. దాన్ని మోసే క్లచ్చికి ఎవరు పెంచాల?"

ట్యూనింగు తీయించి, కొత్త క్లచ్చి ప్లేటు వేయించాను. కుప్పం దాకా నిండు లోడుతో లారీ హాయిగా వెళ్ళొచ్చింది. ఆ సంతోషంలో మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళి, నేను దాచిన సంగతి ఎలా కనిపెట్టాడని అడిగాను.

"ఇంజను అరిసినప్పుడల్లా మీ డ్రైవరు నీ మొగం సూసి నవ్వుతాండె కదప్పా!" అన్నాడు.