అర్థంకాని చిరునామాల బల్ల

తపాలా సార్టింగు ఆఫీసు రెండో అంతస్తులో, కిటికీ పక్కన ఒక బల్ల ఉండేది. కింద గూళ్ళ ముందు నిలబడి ఉత్తరాలు వేరు చేసేవాళ్ళు ఏ కవరు మీది రాత అంతుపట్టకపోయినా దాన్ని ఒక తట్టలో పడేసేవారు. తట్ట నిండగానే పైకి వచ్చేది. ఆ బల్ల దగ్గర పందొమ్మిదేళ్ళుగా ఒకే మనిషి కూర్చుంది. ఆఫీసులో అందరూ ఆవిడని భూతద్దం అనేవారు. నిజానికి ఆవిడ ఎన్నడూ భూతద్దం ముట్టుకున్న పాపాన పోలేదు. కవరుని కాస్త దూరంగా పట్టుకుని, తల ఓ పక్కకి వాల్చి, పెదవులు కదుపుతూ రెండుసార్లు చూసేది. మూడోసారి చూడాల్సి వచ్చిందంటే, రాసినవాడికి కూడా ఆ రాత కొరుకుడు పడదని అర్థం.

వానకి తడిసి సిరా అలుక్కుపోయినవి, వీధి పేరు రాసి ఊరి పేరు మరిచినవి, 'ఐసు ఫ్యాక్టరీ వెనక మేడ మీద ఉండే దగ్గు తాతగారికి' అని రాసినవి, అన్నీ ఆవిడ దగ్గరికే చేరేవి. పేర్లు మారిన వీధులు, మూతపడ్డ దుకాణాలు, ఇల్లు మారినా పాత చిరునామా వదలని మనుషులు, వీటన్నిటికీ ఆవిడ దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. అట్ట ఊడిపోయినా దాన్ని మార్చలేదు. దాని అవసరం కూడా వారానికి ఒకటి రెండుసార్లే పడేది. మిగతాదంతా బుర్రలోనే ఉండేది.

ఆవిడ భర్త కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. రెండు గదుల ఇంట్లో ముందు గది అతని పనికే సరిపోయేది. కూర్చుందామని ఎవరైనా కుర్చీ లాగితే దాని మీద ఏ బాబినో, ఏ తోలు బెల్టో ఉండేది. మాట తక్కువ మనిషి. ఆ లోటంతా అతని తమ్ముడు తీర్చేవాడు. భూతద్దానికి మరిది అయిన ఈ తమ్ముడు అక్వేరియం చేపల వ్యాపారం పెట్టి నీళ్ళొదిలాడు. జిరాక్సు షాపు పెట్టి దానికీ నీళ్ళొదిలాడు. చివరికి ఒక కొరియర్ కంపెనీ ఏజెన్సీ తీసుకుని, పెద్ద రోడ్డు మీద గాజు తలుపుల షాపు తెరిచి కాస్త నిలదొక్కుకున్నాడు.

"వదినా, మీ ఉత్తరాలు నడిచెళ్తాయి. మావి బండెక్కి వెళ్తాయి," అనేవాడు వచ్చినప్పుడల్లా.

"వెళ్ళడం గురించి కాదు మరిదిగారూ, చేరడం గురించి చెప్పండి," అనేది ఆవిడ. వేళాకోళం చేయాలనిపించినప్పుడు మాత్రమే ఆవిడ అతన్ని మరిదిగారూ అని, మీరు అని పిలిచేది. ఇద్దరూ నవ్వుకునేవారు. ఇది కొన్నేళ్ళు అలాగే నడిచింది.

ఆ తర్వాతి ఏడాది తపాలా శాఖలో ఒక కాగితం బయటికి వచ్చింది. బ్యాంకుల ఉత్తరాలు, టెలిఫోను బిల్లులు, ఇలాంటి టోకు బట్వాడా అంతా ప్రైవేటు వాళ్ళకి కాంట్రాక్టుకి ఇవ్వాలని అందులో ఉంది. జీతాల పేచీ అప్పటికే నలుగుతోంది. రెండూ కలిసేసరికి యూనియన్ సమ్మెకి దిగింది. ఆఫీసు షట్టర్లు పడ్డాయి. ఎదురుగా రోడ్డు అవతల టెంటు లేచింది.

భూతద్దం యూనియన్ మనిషేమీ కాదు. చందా కట్టేది, మీటింగులకి మాత్రం వెళ్ళేది కాదు. కానీ సమ్మె మొదటి రోజు సరిగ్గా తొమ్మిదికి టిఫిన్ డబ్బాతో టెంటు దగ్గరికి వచ్చింది, మూడో వరసలో కుర్చీ వేసుకుంది, ఐదింటికి లేచి ఇంటికి వెళ్ళింది. రెండో రోజూ అంతే. డ్యూటీకి వెళ్ళినట్టే సమ్మెకీ వెళ్ళింది. నినాదాలిచ్చేటప్పుడు చెయ్యెత్తేది కానీ గొంతు పెద్దగా పైకి వచ్చేది కాదు.

అటు మరిది షాపులో కాలు పెట్టే సందు లేదు. జీవితంలో కొరియర్ ముఖం చూడనివాళ్ళంతా కవర్లు పట్టుకుని గాజు తలుపు తోసుకుంటూ వచ్చారు. మొదటి వారం అతను నేల మీద నడవలేదు. రెండో వారానికి తెలిసొచ్చింది. జనం పోస్టాఫీసుకి రాసినట్టే రాస్తున్నారు. ఫోను నంబరు ఉండదు, పిన్ కోడ్ ఉండదు, 'స్కూలు పక్క సందులో పసుపు గేటు' అని ఉంటుంది. బళ్ళ మీద తిరిగే రైడర్లు నాలుగు చోట్ల అడిగి, విసుగెత్తి, వెనక్కి తెచ్చి పడేసేవారు. షాపు వెనక గదిలో పెట్టెల గుట్ట కిటికీని మూసేసింది.

పదకొండో రోజు ఆదివారం. పొద్దున్నే అతను అన్నగారింటికి వచ్చాడు, చేతిలో ఒక సంచీతో.

"వదినా, నువ్వు మా షాపుకి రానక్కర్లేదు. నేనే ఇక్కడికి తెస్తా. రోజుకో గంట. టీ తాగుతూ చదివేయొచ్చు నువ్వు."

"నేను సమ్మెలో ఉన్నాను."

"సమ్మె పోస్టాఫీసులో కదా! ఇది మనిల్లు."

"సమ్మెలో ఉన్నది పోస్టాఫీసు కాదయ్యా. నేను."

మరిది అన్న వైపు చూశాడు. అన్న మిషన్ కింద తల దూర్చి, నూనె డబ్బా కోసం చెయ్యి చాచాడు. "నన్ను మధ్యలోకి లాగకు," అన్నాడు అక్కడి నుంచే.

మరిది లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, సంచీలోంచి అరచేతిలో పట్టే అట్టపెట్టె ఒకటి తీసి ఆవిడ ముఖం ముందు పెట్టాడు. "పని కాదు. ఊరికే చూడు. ఇది మనిషి రాతేనా, కోడి నడిచిందా?"

ఆవిడ తల పక్కకి వాలింది. "పాత నీళ్ళ ట్యాంకు మెట్ల ఎదురు, గడియారాల షాపు పైన, లెక్కల మాస్టారు," అనేసింది. అనేశాక నోరు మూసుకుంది. అప్పటికే మరిది మెట్లు దిగుతున్నాడు.

అంతటితో పోయేదే. కానీ ఆ పెట్టెలో ఉన్నది పళ్ళ సెట్టు. రిటైరైన ఆ లెక్కల మాస్టారు పన్నెండు రోజులుగా పళ్ళు లేక, మెత్తటి తిండి తింటూ, గుమ్మం దాటకుండా కూర్చున్నాడు. పెట్టె చేతికి రాగానే ఎలా కనిపెట్టారని రైడర్ని అడిగాడు. మా ఓనరు వదినగారు పోస్టాఫీసులో చేస్తారండి, ఆవిడే చదివారు అని ఆ రైడరు ఉన్నమాట చెప్పాడు. మాస్టారు కృతజ్ఞత ఉంచుకునే మనిషి కాదు, వెంటనే తీర్చుకునే మనిషి. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అడిగి అడిగి టెంటు పట్టుకుని, మూడు వందల మంది మధ్యలోంచి మూడో వరసకి వచ్చాడు.

"అమ్మా, కొరియర్ వాళ్ళకి మీరు చదివిపెట్టబట్టే నా పళ్ళు నాకొచ్చాయి," అని చేతులు జోడించి నవ్వాడు. ముప్పై రెండూ కనిపించాయి.

టెంటు కింద తలలన్నీ ఇటు తిరిగాయి. మాస్టారు అది గమనించలేదు. ఇంకో రెండు మంచి మాటలు చెప్పి, తేలిగ్గా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. యూనియన్ కార్యదర్శి మైకు పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. అరిచి అరిచి అతని గొంతు అప్పటికే సగం పోయింది.

"అక్కా, నిజమేనా?"

ఆవిడ లేచి నిలబడింది. "నిజమే. ఒకటి చదివాను."

"డబ్బులు తీసుకున్నావా?"

"లేదు."

"మరెందుకు చదివావ్?"

"కళ్ళ ముందు పెట్టాడు. చదవడం వచ్చు కాబట్టి చదివాను."

వెనక వరసల్లో కొందరు నవ్వారు. ఆవిడ పక్కన రోజూ కూర్చునే సార్టరు నవ్వలేదు. ఆమె భర్తకి ఉద్యోగం లేదు, ఆ నెల ఇల్లు ఎలా నడుస్తోందో ఎవరికీ చెప్పుకోలేదు. "పాపం పళ్ళే కదా అనిపిస్తుంది. కానీ పోస్టాఫీసు లేకపోయినా పని జరిగిపోతుందని వాళ్ళకి నువ్వే చూపించావు. ఇంక మేం ఈ ఎండలో కూర్చుని ఏం లాభం?" అంది.

ఆవిడ "తప్పే," అంది. కూర్చుంది.

కార్యదర్శి అంతకు మించి సాగదీయలేదు. ఆ సార్టరు మాత్రం తన కుర్చీ తీసుకుని రెండు వరసలు ముందుకి జరిగింది. సమ్మె ఇంకా ఇరవై రెండు రోజులు సాగింది. ఆవిడ తొమ్మిదికి రావడం, ఐదింటికి వెళ్ళడం మానలేదు. భోజనాల వేళ ఎవరూ పిలవలేదు. ఆవిడా ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. డబ్బా మూత మీద కూర పెట్టుకుని ఒక్కతే తినేది. ఇంట్లో భర్తకి ఒక్క మాట చెప్పింది: సమ్మె అయ్యేదాకా మీ తమ్ముడు ఇంటికి రావొచ్చు, కాగితం ముక్కతో మాత్రం రాకూడదు. మరిది ఆ మాట నిలబెట్టాడు. వచ్చినప్పుడు జేబులో బిల్లు ఉన్నా తీసి బండిలో పెట్టి వచ్చేవాడు.

ముప్పై నాలుగో రోజు ఒప్పందం కుదిరింది. జీతాల మాట సగం నెగ్గింది. కాంట్రాక్టు సంగతి పరిశీలనలో ఉంచుతామన్నారు. పరిశీలించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆ నెల రోజుల్లో కొరియర్ వైపు వెళ్ళిన బ్యాంకులు, ఫోను కంపెనీలు తిరిగి రాలేదు. లారీ నిండా వచ్చే సంచులు ఆటోలో సర్దుకునేటన్ని అయ్యాయి. రెండో అంతస్తుకి తట్ట రోజూ వచ్చేది వారానికోసారి రావడం మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడాది చిరునామాలు చదివే యంత్రం దిగింది. దానికి అర్థం కాని కవర్లు రాసినవాళ్ళకే తిరిగి వెళ్ళేలా ఉత్తర్వు వచ్చింది.

"వెనక్కి పంపాలన్నా, పంపినవాడి చిరునామా చదవాలి కదా," అంది ఆవిడ ఆ సాయంత్రం, బియ్యం ఏరుతూ.

"అదీ చదవలేకపోతే?" అన్నాడు భర్త.

"చించి పారేస్తారట."

దాని మీద ఆవిడ మాట్లాడింది అంతే. నలుగురు కలిసి బల్లని కిందికి దించారు. ఆవిడని పార్సెల్ కౌంటరులో వేశారు. తూకం వేసి, ముద్ర కొట్టి, రసీదు ఇచ్చే పని. తొందరగానే నేర్చుకుంది. కొన్నాళ్ళు మాత్రం చూపు ఖాళీగా ఉన్నట్టుండేది. కిరాణా కొట్టు చీటీలు, మందుల షాపు వాడి రాతలు, భర్త స్పేరు పార్టుల డబ్బాల మీది అక్షరాలు, ఏది కనిపించినా నిలబడి చదివేది.

ఇది జరిగిన రెండేళ్ళకి మరిది షాపులో సమ్మె వచ్చింది. రైడర్లకి చేర్చిన పెట్టెకే కూలి. చిరునామా దొరక్క తిరిగొచ్చిన పెట్టెకి పెట్రోలు ఖర్చు కూడా వాళ్ళదే. పద్నాలుగు మంది తమ బళ్ళని గాజు తలుపుకి అడ్డంగా వరసగా నిలబెట్టి, మెట్ల మీద కూర్చున్నారు. నాలుగో రోజుకి మరిదికి ఊపిరాడలేదు. ఐదు సంచులు ఆటోలో వేసుకుని పోస్టాఫీసుకి వచ్చాడు. వెనకే రైడర్లలో పొడుగుపాటి మనిషి ఒకడు బండి మీద వచ్చాడు. ఇద్దరూ ఒకేసారి పార్సెల్ కౌంటరు ముందు నిలబడ్డారు.

"అమ్మా, మీరూ సమ్మె చేసినవాళ్ళే. ఈయన సంచులు తీసుకోకండి," అన్నాడు పొడుగు మనిషి.

"తీసుకోననడానికి లేదు వదినా, ఇది సర్కారు ఆఫీసు," అన్నాడు మరిది.

ఆవిడ ఇద్దరినీ చూసింది. ఇద్దరి మాటా కరెక్టే.

"తీసుకోనని ఎవరన్నారు? వరసలో రండి," అంది మరిదితో. పొడుగు మనిషికి గోడ పక్క బెంచీ చూపించింది. "నువ్వు కూర్చో నాయనా. కూర్చోవడానికి టోకెన్ అక్కర్లేదు."

కంపెనీ అంటించిన గీతల స్టిక్కరు తపాలాకి చెల్లదు. పంపేవారి చిరునామా ఒక పక్కన, అందుకునేవారిది ఇంకో పక్కన, పెట్టె మీదే రాయాలి. లోపల ఏముందో ఒక ఫారంలో రాసి సంతకం పెట్టాలి. ఒక మనిషికి ఒక విడతలో ఐదు పార్సెళ్ళు. ఆ తర్వాత మళ్ళీ వరస చివరికి వెళ్ళాలి. ఇవన్నీ గోడకి వేలాడే నిబంధనల బోర్డు మీద ఉన్నవే. ఏనాడూ ఎవరూ తల ఎత్తి చదివింది లేదు. మరిది దారంతో కట్టిన పెన్ను దగ్గర నిలబడి రాయడం మొదలుపెట్టాడు.

"ఇది ఆరా, సున్నానా?"

"ఆరు."

"ఆరులా రాయండి మరిదిగారూ."

ఆవిడ ఆలస్యం చేసిందని ఎవరూ అనలేరు. ఒక్క నిమిషం వృథా చేయలేదు, ఒక్క నిబంధనా వదల్లేదు. ఐదింటికి కౌంటరు మూసేసరికి నలభై పార్సెళ్ళు లోపలికి వెళ్ళాయి. నాలుగున్నర సంచులు బయటే ఉన్నాయి. మరిది వేళ్ళు విదిలించుకుంటూ సంచులు ఆటోలోకి ఎక్కించుకున్నాడు. బరువుగా ఉన్నదాన్ని పొడుగు మనిషి ఒక చెయ్యి వేసి లేపాడు.

మర్నాడు మధ్యాహ్నం మరిది రైడర్లని షాపు లోపలికి పిలిచి మాట్లాడాడు. తిరిగొచ్చిన పెట్టెకి సగం కూలి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. హెడ్డాఫీసు దిగొచ్చిందని అన్నతో చెప్పాడు. అదే నిజం కావచ్చు.

ఆ ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు అడిగాడు. "వదినా, నిజం చెప్పు. కావాలనే చేశావు కదా?"

"ఏం చేశాను? నీ పార్సెళ్ళు తీసుకున్నాను," అని ఆవిడ అతని కంచంలో ఇంకాస్త అన్నం వేసింది. అతను మొహం ముడుచుకునే, పెట్టినదంతా తిన్నాడు.

ఆవిడ ఇంకో ఐదేళ్ళు పనిచేసింది. చివరి రెండేళ్ళలో కొరియర్ కంపెనీలే, తమ బళ్ళు వెళ్ళని మారుమూల ఊళ్ళకి బట్వాడా చేయమని తపాలా శాఖతో ఒప్పందం రాసుకున్నాయి. వాళ్ళ సంచులు రోజూ ఆవిడ కౌంటరుకే వచ్చేవి. రిటైరైన నెల తిరక్కముందే మరిది షాపు రైడర్లు ఇంటికి వచ్చారు. యూనియన్ పెట్టుకున్నామనీ, నెలకోసారి మీటింగు జరుగుతుందనీ, ఆఫీసు కాగితాలు తెలిసిన మనిషి ఎవరూ లేరనీ, ఆవిడే రావాలనీ చెప్పారు. ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. మెట్లు లేని గది చూశామన్నారు. సరేనంది.

మొదటి మీటింగుకి ఆటో దొరకలేదు. మరిదే తన బండి మీద తీసుకెళ్ళాడు. గుమ్మం ముందు దింపి, "ఎన్నింటికి అవుతుంది?" అని అడిగాడు. తెలియదంది. అతను బండిని రోడ్డు అవతల నీడకి తీసుకెళ్ళి, స్టాండు వేసి, అక్కడే కూర్చున్నాడు.