ప్రశ్నావళిలో లేని ఆట

నేను రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, ఎండాకాలంలో, అమీర్‌పేట నుంచి ఒక కాపీరైట్ కేసు నా టేబుల్ మీదికి వచ్చింది. అప్పటికి నేను ప్రభుత్వ ఫోరెన్సిక్ ప్రయోగశాల కంప్యూటర్ విభాగంలో సైంటిఫిక్ ఆఫీసర్‌ని. ఆ హోదా పేరు వినగానే చాలామంది తెల్లకోటు, గాజు గొట్టాలు ఊహించుకుంటారు. మా విభాగంలో అవేవీ ఉండవు. పోలీసులు స్వాధీనం చేసుకున్న ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, పెన్ డ్రైవ్‌లు సీలు వేసిన గుడ్డ సంచుల్లో వస్తాయి. వాటిలో ఏముందో చూసి, రాసి, సంతకం పెట్టి, సమన్లు వస్తే కోర్టుకెళ్ళి చెప్పడం మా ఉద్యోగం.

ఈసారి సంచులు విప్పుతుంటే మా సెక్షన్లో పిల్లల బర్త్‌డే పార్టీకి వచ్చినట్టు అందరూ మూగారు. అరచేతిలో పట్టే గేమ్ పెట్టెలు, గుప్పెళ్ళ కొద్దీ మెమరీ కార్డులు, వాటిని నింపడానికి వాడిన ఒక పాత ల్యాప్‌టాప్. మా అబ్బాయి చిన్నప్పుడు టీవీకి తగిలించి, పసుపు రంగు క్యాసెట్ వేసి ఆడిన ఆటలన్నీ ఇప్పుడు గోరంత కార్డులోకి ఎక్కి కూర్చున్నాయి. ఆ క్యాసెట్ల మీద తొమ్మిది అంకె వరసగా అచ్చేసి ఉండేది, అన్ని ఆటలు ఉన్నాయన్నట్టు. తీరా చూస్తే నాలుగైదు ఆటలే మళ్ళీ మళ్ళీ వచ్చేవి. అవి దొంగ నకళ్ళని ఆ రోజుల్లో మాకెవరికీ తట్టలేదు. కోఠీలో కొన్నాం, ఇంటికి తెచ్చాం, అంతే.

నన్నడిగితే నకలు నకలే, దొంగతనం దొంగతనమే. కానీ ఈ కంపెనీల మీద కూడా నాకు ఒళ్ళు మంట. బ్యాటరీ మార్చుకోనివ్వని ఫోను అమ్ముతారు. పెట్టుకున్న పూటే ఒకటి జారిపోయే ఇయర్‌ఫోన్లు అమ్ముతారు. పాత ఆట కావాలని డబ్బు పట్టుకుని వెళ్తే అది మాత్రం ఎక్కడా అమ్మరు. అమ్మకుండా పెట్టెలో దాచిన సరుకు ఎవరో ఎత్తుకుపోయారని గోల పెడతారు. ఇది నా సొంత అభిప్రాయం. రిపోర్టులో ఇలాంటివి రాయకూడదు, నేనెప్పుడూ రాయలేదు.

కేసు సంగతి ఇదీ. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో శామ్యూల్ అనే అతనికి చిన్న దుకాణం ఉంది. పాత గేమ్ పెట్టెలు బాగుచేస్తాడు, కొత్తవి అమ్ముతాడు, అమ్మిన వాటిలో ఆటలు నింపి ఇస్తాడు. ఆ నింపడమే నేరం. ఒక గేముల కంపెనీ ప్రతినిధి ఫిర్యాదు చేస్తే ఎస్.ఐ. నర్సింహ వెళ్ళి, ఇద్దరు పంచుల ముందు పంచనామా రాసి, దుకాణంలో ఉన్నదంతా పట్టుకొచ్చాడు. కాపీరైట్ చట్టం ప్రకారం ఎస్.ఐ. హోదాకు తగ్గని అధికారి వారంటు లేకుండానే ఇలా స్వాధీనం చేసుకోవచ్చు. అదే చట్టంలో ఇంకొకటుంది. నకళ్ళనీ, నకళ్ళు తయారుచేసే పరికరాలనీ హక్కుదారుకే అప్పగించమని కోర్టు ఆదేశించవచ్చు. కంపెనీ అప్పటికే ఆ కోరికతో పిటిషన్ వేసింది. అంటే ల్యాప్‌టాప్ కూడా వాళ్ళకే పోతుంది.

మా పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. దర్యాప్తు అధికారి వస్తువులతో పాటు ఒక ప్రశ్నావళి పంపుతాడు. మేం వాటికే జవాబు రాస్తాం. అడగనిది చెప్పం. అడగని సంగతి ఎత్తుకున్న నిపుణుడు వకీలైపోతాడని, కోర్టు అతని మాట నమ్మడం మానేస్తుందని మా పై అధికారులు కొత్తలోనే నూరిపోశారు. దీనికి ఒక్కటే మినహాయింపు. వస్తువును ఎవరైనా తెరిచి కెలికినట్టు కనిపిస్తే, అడిగినా అడగకపోయినా రాసి తీరాలి. నర్సింహ పంపిన ప్రశ్నలు మామూలువే. ఇందులో ఆటల నకళ్ళు ఉన్నాయా, ఉంటే ఏవేవి, ఈ ల్యాప్‌టాప్ నుంచే కార్డుల్లోకి ఎక్కించారా. అంతకుమించి లేదు.

ల్యాప్‌టాప్‌ని మేం నేరుగా ఆన్ చెయ్యం. చేస్తే లోపల తేదీలు మారిపోతాయి. డిస్కుని రైట్ బ్లాకర్ అనే పరికరానికి తగిలిస్తాం. దానిలోంచి చదవడమే తప్ప రాయడం కుదరదు. అలా తీసిన డిస్కు ప్రతి మీదే పని చేస్తాం. ఆ ప్రతిలో దొంగ ఆటలు బోలెడున్నాయి, జవాబులన్నీ సులువుగానే దొరికాయి. రిపోర్టు దాదాపు అయిపోవస్తుండగా ‘డెమో క్లాస్’ అనే ఫోల్డర్ ఒకటి కంటపడింది.

తెరిచి చూశాను. అది ఎవరి నకలూ కాదు. పాత టీవీ గేముల పద్ధతిలో, అవే చదరపు బొమ్మలతో, శామ్యూల్ సొంతంగా రాసుకుంటున్న ఆట. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో టిఫిన్ లైన్లోంచి ఒక కుర్రాడు బయల్దేరతాడు. అమీర్‌పేటలో ఉచిత డెమో క్లాసుకి తలుపు మూసేలోగా చేరాలి. దారి పొడుగునా కోర్సుల పాంప్లెట్లు పంచేవాళ్ళు అడ్డం పడతారు. చేతిలో పాంప్లెట్లు ఎక్కువైన కొద్దీ నడక మందగిస్తుంది, షేర్ ఆటో కింద పడతాడు. మెట్రో మెట్ల దగ్గర నేను రెండుసార్లు ఓడిపోయాను. ఆఖరి అంకం పంజాగుట్టలో ఇంటర్వ్యూ. అక్కడ ఆఫీసు తలుపు మాత్రమే గీసి ఉంది, లోపల ఏమీ లేదు. ఆట ఇంకా పూర్తి కాలేదు.

దాని చుట్టూ పాత చిత్తు ప్రతులు ఏళ్ళ తరబడివి ఉన్నాయి. వేరే కాపీ ఎక్కడైనా ఉందేమోనని కార్డులన్నీ వెతికాను, లేదు. మనిషి ఎన్నో ఏళ్ళ కష్టం ఆ ఒక్క డిస్కులో ఉంది, ఆ డిస్కు కంపెనీ చేతికి పోబోతోంది. ప్రశ్నావళిలో దాని ప్రస్తావనే లేదు.

అదే ఫోల్డర్లో ఇంకో విచిత్రం బయటపడింది. స్కోర్లు దాచుకునే ఫైలు ఒకటుంది. దాని తేదీ పంచనామా తేదీకి తరవాతిది. అంటే సీలు వెయ్యకముందు పోలీస్ స్టేషన్లో ఎవరో ల్యాప్‌టాప్ తెరిచి ఆట ఆడారు. ఊరికే ఆడి వదిలిపెట్టలేదు, పెద్ద స్కోరు వస్తే పేరు అడుగుతుంది కదా, పేరు కూడా కొట్టారు. తెర మీద అన్నిటికన్నా పైన ‘నర్సి’ అని ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత నవ్వు నాకు ఎప్పుడూ రాలేదు. నవ్వడం అయ్యాక కోపం వచ్చింది.

ఫోన్ చేశాను. సందేహాలుంటే దర్యాప్తు అధికారిని అడిగి తెలుసుకోవడం మాకు అనుమతించిన పనే. స్కోరు తెర సంగతి చెప్పాను. నర్సింహ దాచకుండా చెప్పాడు.

“పట్టుకున్న రోజే శామ్యూల్ చెప్పిండు మేడం, అన్నా, ఇండ్ల నా సొంత ఆట సుత ఉన్నది, గదొక్కటి ఇయ్యరాదే అని. పట్టువడ్డోళ్ళు ఏదో ఒకటి చెప్తనే ఉంటరు గద అనుకున్న. నిజమా కాదా జర చూద్దామని తెరిచిన. తెరిచినంక ఆడిన.”

ఆడాక నిజమని తెలిసిపోయింది. కానీ ఆ ఆట గురించి ప్రశ్న రాస్తే, నిందితుడి మాట నమ్మి రాశావా, తెరిచి చూశావా అని కోర్టులో అడుగుతారు. సీలు వెయ్యకముందే తెరిచానని ఒప్పుకోవాలి. ఇన్‌స్పెక్టర్ ప్రమోషన్ లిస్టులో అతని పేరు ఉన్న సమయం అది. అందుకని తెలిసి తెలిసీ ఆ ప్రశ్న రాయకుండా వదిలేశాడు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని కూడా అన్నాడు. నిద్ర పట్టకపోతే పోయె, ఆ శామ్యూల్‌కి బతుకే పట్టాలు తప్పుతోందని నేను కాస్త గట్టిగానే అన్నాను.

ల్యాప్‌టాప్ స్వాధీనం తరవాత ఆన్ అయిందన్న ఒక్క వాక్యం నేను ఎలాగూ రాస్తానని చెప్పాను. పనిచేస్తోందో లేదో చూశామని సంజాయిషీ ఇచ్చుకోవచ్చు, చాలామంది అదే ఇస్తారు. కానీ ఆ ఆట గురించి అడిగితే ఆ ఫోల్డర్లో ప్రతి ఫైలూ అనుబంధంలో పెట్టాలి.

“అంటే గా స్కోరు సుత వస్తదా మేడం?” అన్నాడు.

“వస్తుంది, పేరుతో సహా.”

“గా ఒక్క ఫైలు జర ఇడిసిపెట్టరాదు మేడం.”

“విడిచిపెట్టను నర్సింహ గారూ. మీరు అడగకపోతే ఆట గురించి ఒక్క ముక్క రాయను. అడిగితే మొత్తం రాస్తాను. వారం ఆఖరుదాకా సంతకం పెట్టకుండా ఆగుతాను, ఆ తరవాత మీ ఇష్టం.”

ఫోన్ పెట్టేశాక నాకే అనుమానం వచ్చింది, మరీ కఠినంగా మాట్లాడానేమో అని. ఇద్దరు పిల్లల తండ్రి, కష్టపడి పైకొచ్చినవాడు, మనిషి మంచివాడే. ఒక దొంగ కార్డుల దుకాణం వాడి కోసం తన ప్రమోషన్ ఎందుకు పణంగా పెట్టాలి? రోజూ టపా రాగానే ముందు నేనే వెళ్ళి చూసేదాన్ని. మా అసిస్టెంట్లు, మేడం వాళ్ళబ్బాయికి ఏదో పెళ్ళి సంబంధం జాబు రావాలి కాబోలని గుసగుసలాడుకున్నారు.

వారం ఆఖరున, నర్సింహ పై అధికారి ఎ.సి.పి. ఆఫీసు ముద్రతో కవరు వచ్చింది. అనుబంధ ప్రశ్న ఒక్కటే: ‘డెమో క్లాస్’ అనే ఫోల్డర్లో ఉన్నది నకలా, నిందితుడి సొంత రచనా? దానికింద నర్సింహ, స్టేషన్లో తాను ల్యాప్‌టాప్ తెరిచి ఆ ఆట ఆడినట్టు తన సంతకంతో రాసిచ్చాడు. ఎవరూ అతన్ని ఆ వాక్యం రాయమనలేదు. చదివి కుర్చీలో వెనక్కి వాలాను. భలేవాడు అని పైకే అన్నాను.

కోర్టులో కంపెనీ వకీలు నన్ను గట్టిగానే నిలదీశాడు. అన్నీ నకళ్ళే అమ్మేవాడి దగ్గర ఇదొక్కటి అసలుదని ఎలా నమ్మాలన్నాడు. నాకు తెలిసిన తీరులో చెప్పాను. ఇంట్లో వండుకుంటే కూరగాయల తొక్కలు, మసి గిన్నెలు, మాడిన అడుగు ఉంటాయి. పార్సిల్ తెచ్చుకుంటే ఖాళీ కవర్లే ఉంటాయి. మిగతా ఆటలన్నీ కవర్లు. ఈ ఒక్క ఆటకి మాత్రం ఏళ్ళ నాటి తొక్కలున్నాయి: తప్పు పడ్డ బొమ్మలు, కొట్టేసిన అంకాలు, ముందు ప్రతిలో ఉండి తరవాత దిద్దుకున్న పొరపాట్లు. చోరీ చేసినవాడి దగ్గర చిత్తు ప్రతులు ఉండవు. మేజిస్ట్రేటు గారు అనుబంధం తిరగేస్తూ ఈ నర్సి ఎవరని అడిగారు. వెనక నిలబడ్డ ఎస్.ఐ. ఒక అడుగు ముందుకేసి, నేనేనని ఒప్పుకున్నాడు. ఆవిడ నవ్వలేదు గానీ, పెదవి బిగించుకోవడం నేను చూశాను.

నకళ్ళు, కార్డులు, ల్యాప్‌టాప్ కంపెనీకి అప్పగించమని, ఆ ఫోల్డర్ మొత్తం మా ప్రయోగశాల వేరే డిస్కు మీద తీసి శామ్యూల్‌కి ఇవ్వమని ఆదేశమైంది. అతన్ని దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి. డిస్కు అందుకుని కేసు గురించి ఏమీ అడగలేదు.

“పాత వెర్షన్లు సుత వచ్చినయా మేడం?” అన్నాడు.

అన్నీ ఉన్నాయని చెప్పాను. వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. 

తరవాత కంపెనీతో రాజీ కుదిరితే, దాన్నిబట్టి హైకోర్టు కేసు కొట్టేసింది. శామ్యూల్ కార్డులు నింపడం మానేశాడు. ఇప్పుడు రిపేర్లే చేస్తాడు, ఆదివారం కూడా చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నం దుకాణం తెరుస్తాడు. పంజాగుట్ట అంకం పూర్తిచేసి ఆట అమ్మకానికి పెట్టాడు. నాకు ఊరికే ఇస్తానంటే, కాపీరైట్ కేసులో సాక్ష్యం చెప్పినదాన్ని, కొనుక్కుంటేనే మర్యాదగా ఉంటుందని డబ్బిచ్చి తెచ్చుకున్నాను. కొన్నాళ్ళకే ఎవరో ఆ ఆట నకళ్ళు తీసి అమ్ముతున్నారట. ఫిర్యాదు ఎలా రాయాలో కనుక్కోవడానికి నాకు ఫోన్ చేశాడు. ఇన్నాళ్ళు తాను చేసిందేమిటో ఇప్పుడు తెలుస్తోందని అన్నాడు. నర్సింహకి మెమో వచ్చింది, హెచ్చరికతో వదిలారు, ప్రమోషన్ ఒక విడత వెనక్కి జరిగి తరవాత వచ్చింది.

ఈ కేసు నా పద్ధతిలో ఒకే మార్పు తెచ్చింది. ప్రశ్నకు అవతల నేను ఎప్పుడూ రాయలేదు, ఇప్పటికీ అది సరైన నియమమే అంటాను. కానీ ఆ తరవాత ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టే ముందు దర్యాప్తు అధికారికి ఫోన్ చెయ్యకుండా ఉండలేదు. అడగాలనుకుని రాయనిది ఏమైనా ఉందా అని అడిగేదాన్ని. ఎక్కువమంది ఏం లేదు మేడం అని వెంటనే అనేవారు. కొందరు మాత్రం జవాబు చెప్పే ముందు కాసేపు ఆగేవారు. అలా ఆగినవాళ్ళకి ఇంకొన్నాళ్ళు గడువిచ్చి, నేను సంతకం చెయ్యకుండానే కలం మూత పెట్టేసేదాన్ని.