కరెంటు పోతే దగ్గే కొట్టు

పోయిన వారం హిందూపురంలో మా అమ్మాయి తన కొత్త ల్యాప్‌టాప్‌కు పెన్‌డ్రైవు తగిలించింది. అది టుంగుమని చిన్న చప్పుడు చేసింది. రోజూ ప్రతి ఇంట్లో వినబడే చప్పుడే. అయినా పక్క గదిలో పేపరు చదువుకుంటున్న నేను, ఎవరో పిలిచినట్టు లేచి నిలబడ్డాను. ఏమైంది నాయనా అని అమ్మాయి అడిగితే నడుము పట్టేసిందని చెప్పి తప్పించుకున్నాను. బేరాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, అబద్ధం కోసం వెతుక్కోవాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. నిజం మాత్రం మీతో చెప్పుకోవాలనిపించింది. కంప్యూటరు మన ఊళ్లకు కొత్తగా వచ్చిన రోజుల్లో దానికి కుంకుమబొట్టు పెట్టి, చెప్పులు బయట విడిచి దగ్గరికి పోయినవాళ్లు మీలో చాలామందే ఉంటారు కాబట్టి మీరు నవ్వరు.

మాది హిందూపురం బజారులో చింతపండు, బెల్లం అమ్మే కొట్టు. నాకు బేరమాడటం ఊపిరి తీసుకోవడం లాంటిది. పంటి డాక్టరు దగ్గర నోరు తెరిచి కూర్చుని కూడా, రెండు పళ్లు పీకితే ఏమైనా తగ్గిస్తారా అని సైగతో అడిగినవాణ్ణి. కొనేవాళ్లతో కూడా అంత గట్టిగా బేరమాడితే గిరాకీ నిలవదని నాయనకు అర్థమై, నన్ను పెనుకొండలో మామ దగ్గరికి పంపించాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆఫీసుల వీధిలో అర్జీలు, దస్తావేజులు టైపు చేసిచ్చే కొట్టు ఆయనది. పిల్లలు లేరు. అత్త మధ్యాహ్నం కారియర్‌లో అన్నం తెచ్చేది, ముగ్గురం అక్కడే తినేవాళ్లం. టైపు మిషను రోజులు పోతున్నాయని మామ ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నప్పుడు, బెంగళూరు వరకు వెంట వెళ్లి బేరమాడింది నేనే. ఎంత తగ్గించానని మురిసిపోయానంటే, దాంతోపాటు రావాల్సిన సంచి అడగడం మరిచిపోయి, దాన్ని తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కాం.

మామకు ఆ యంత్రం మీద వచ్చిన మోజు ఇప్పటి పిల్లలకు సెల్‌ఫోను మీద కూడా రాదు. మనలాంటివాళ్లు నాలుగు మీటలు నేర్చుకుని అక్కడే ఆగిపోతే, ఆయన దాని లోపలి గదులన్నీ తిరిగి వచ్చేవాడు. ఫైలు మీద మౌసు కుడి మీట నొక్కితే వచ్చే పట్టీలో ప్రింటరును కూడా చేర్చుకున్నాడు, కాగితం తెరవకుండానే అచ్చుకు పంపేవాడు. రోజూ కావాల్సిన అర్జీ నమూనాలన్నీ ఒక్క మీట నొక్కగానే ఒకేసారి తెరుచుకునేట్టు ఒక మూల పెట్టాడు. అన్నిటికన్నా వింతైనది చప్పుళ్ల సంగతి. కంప్యూటరు ఏ పనికి ఏ చప్పుడు చేయాలో మనమే చెప్పవచ్చని, మన గొంతైనా పెట్టుకోవచ్చని ఆయన కనిపెట్టాడు. ప్రింటరు ఆయన వీపు వెనక బల్ల మీద ఉండేది, దాని వైరు ఊరికే వదులయ్యేది. మాటిమాటికీ మెడ తిప్పి చూసే బాధ లేకుండా, ప్రింటరు తెగిపోతే తన దగ్గు, మళ్లీ తగులుకుంటే "వచ్చినావా" అన్న తన మాట వినిపించేట్టు పెట్టుకున్నాడు. కరెంటు పోతే ప్రింటరు ఆగేది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచేది, వెంటనే లోపలినుంచి మామ దగ్గు. కరెంటు రాగానే "వచ్చినావా". అర్జీల కోసం వచ్చిన రైతులు మొదట ఉలిక్కిపడి, తర్వాత పడిపడి నవ్వేవాళ్లు.

ఇంకొకటి చెప్పాలి, లేకుంటే తర్వాత జరిగింది అర్థం కాదు. కొట్టు పెట్టుకున్నవాళ్ల ఇళ్లలో దీపం ఆర్పమని ఎవరూ అనరు, కొట్టు మూశామని అనరు, కట్టేశామంటారు. మామకు ఆ పట్టింపు ఎంత ఉండేదంటే, కంప్యూటరును ఆపే మీట ఎక్కడుందో తెలిసి కూడా ఒక్కనాడూ దాని దగ్గరికి చెయ్యి పోనివ్వలేదు. బతుకుతెరువు చూపే యంత్రాన్ని మన చేత్తో ఆర్పడమేమిటని, అది నిద్రపోకుండా కూడా కట్టుదిట్టం చేసి, సాయంత్రం షట్టరు మాత్రం దించి తాళం వేసుకుని ఇంటికి వచ్చేవాడు.

ఒక ఎండాకాలం మామ గుండెనొప్పితో పోయాడు. కొట్టుకు తాళం వేసింది నేనే. యంత్రాన్ని ఆపాలని నాకూ తోచలేదు. తోచినా ఆపి ఉండేవాణ్ణి కాదు. తాళంచెవి జేబులో వేసుకుని, మైల రోజుల్లో హిందూపురానికి వచ్చిపోతూ ఉన్నాను.

మామ తర్వాత అత్తకు మిగిలింది ఆ కొట్టు ఒక్కటే. దాన్ని మంచి బాడుగకు ఇస్తే ఆమె ఎవరి చేతి కిందా బతకనక్కరలేదు. ధర్మవరం నుంచి ఒక పట్టుచీరల వ్యాపారి, హైవే మీద పోయే బెంగళూరు గిరాకీని పట్టుకోవాలని ఆ వీధిలో కొట్టు వెతుకుతున్నాడని తెలిసి, నేనే పోయి మాట్లాడి వచ్చాను. ఇద్దరం ఒకరినొకరు గంటసేపు పొగుడుకుని బాడుగ తేల్చుకున్నాం. ఇక కొట్టు చూపించి, అడ్వాన్సు పుచ్చుకోవడమే మిగిలింది.

కొట్టు శుభ్రం చేయించాలని పెనుకొండలో బస్సు దిగిన మధ్యాహ్నం, పక్కనున్న టీ కొట్టాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆయన మొహంలో ఎప్పుడూ ఉండే ఎగతాళి లేదు.

"మీ మామ యాడికీ పోలేదబ్బా. ఈడనే ఉండాడు. కరెంటు పోతే దగ్గుతాండాడు."

టీ ఎక్కువ తాగితే అట్లే వినబడుతుందని ఏదో అనబోయాను గానీ, ఆయన బల్ల మీద కూర్చున్న నలుగురూ షట్టరుకు వీపు తిప్పకుండా కూర్చున్న తీరు చూసి నేనూ అటు తిరిగాను. షట్టరు పక్కన అరుగు మీద అత్త ఉంది. కర్మలు ముగియకముందే గడప దాటిందని బంధువులంతా గొణుగుతున్నారని నాకు తెలుసు, ఎక్కడికి పోతుందో మాత్రం తెలియదు. కొంగు తల మీదికి లాక్కుని, వినేదానికి వచ్చినదానిలా తల కొంచెం పక్కకు వంచి కూర్చుంది. నన్ను చూసి పలకరించలేదు. కొండ మీదినుంచి వడగాలి వీధిలోకి దిగుతోంది, ఆఫీసుల ముందు ఒక్క మనిషి లేడు. అప్పుడు కరెంటు పోయింది. టీ కొట్టులో ఫ్యాను నెమ్మదిస్తూ ఆగిపోయింది. తాళం వేసిన షట్టరు వెనకనుంచి, చీకట్లోనుంచి, మామ దగ్గాడు.

అది ప్రింటరు చప్పుడని నాకు తెలుసు. పెట్టినప్పుడు పక్కన ఉండి నవ్వినవాణ్ణి. తెలిసి కూడా, తాళంచెవి నా జేబులోనే ఉందా అని తడిమి చూసుకున్నాను. మనిషి ఉన్నప్పుడు నవ్వు తెప్పించిన దగ్గే, మనిషి లేనప్పుడు తలుపు వెనకనుంచి వస్తే, తెలిసిన కారణం దేనికీ పనికిరాదు. కరెంటు వచ్చేదాకా ఎవరమూ కదల్లేదు. వచ్చాక ఆ గొంతు మెల్లగా, కొంచెం ఆశగా, "వచ్చినావా" అంది. అత్త పెదవులు కదిలాయి.

మరుసటి రోజు ధర్మవరం వ్యాపారి వచ్చాడు. బస్టాండులో దిగి కొట్టుదాకా నడిచేలోపే ఊరు ఆయనకు అంతా చెప్పేసింది. నేను షట్టరు ఎత్తాను కానీ ఆయన గడప బయటే నిలబడ్డాడు.

"ఏమప్పా, లోపల మనిషిని పెట్టి బాడుగకిస్తాండావు? చీర కొనేదానికి వచ్చిన ఆడోళ్లు ఆ గొంతు వింటే ఇంగ ఈ వీధికి వస్తారా?"

దయ్యముంది కాబట్టి బాడుగ సగానికి తగ్గించమని ఆయన బేరం. ఎదుటివాడి స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి, కాబట్టి కోపం రాలేదు, అత్త పక్కనే ఉందని సిగ్గు మాత్రం వేసింది. దయ్యం కాదు, యంత్రమని చెప్పి చూశాను. అట్లయితే తన కళ్ల ముందర ఆ గొంతు ఆపి చూపించమన్నాడు. ఆపితే అనుకున్న బాడుగే ఇస్తానన్నాడు.

నేను మామ కుర్చీలో కూర్చున్నాను. దుమ్ము పట్టిన తెర మీద వెలుగు ఇంకా ఉంది, ఇన్ని రోజులూ ఆ ఖాళీ గదిలో ఎవరి కోసమో కాచుకుని ఉన్నట్టు. చప్పుళ్ల పట్టీ తెరిచి, ఇదిగో చూడండని వ్యాపారికి వినిపించాను. దగ్గరగా వింటే ఆ మాట వెనక ఇంకొకటి ఉందని అప్పుడు తెలిసింది. "వచ్చినావా" అన్న తర్వాత కారియర్ బల్ల మీద పెట్టిన శబ్దం, ఆ వెనక చాలా సన్నగా ఒక ఆడగొంతు, "వచ్చినా." మామ రికార్డు చేస్తున్నప్పుడు అత్త అన్నం తెచ్చి ఉండాలి. ఆయన అడిగింది ఆమెనే. ఇన్నేళ్లూ ప్రింటరుకు చెబుతున్నాడని నవ్వుకున్న మాట ఆమెది. ఇప్పుడు ఆయన పిలుస్తున్నాడు, ఆమె పలుకుతోంది, రోజూ, తాళం వేసిన గదిలో. వ్యాపారి గడప మీదినుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

యంత్రంతో వచ్చిన అసలు చప్పుళ్లు మళ్లీ పెట్టే మీట నొక్కాను. వెంటనే తెర మీద ఒక చిన్న కిటికీ వచ్చింది. ఇంతకుముందున్న చప్పుళ్లను దాచమంటారా, వద్దా అని అడుగుతోంది. నేను అత్త వైపు చూశాను. దాచుకుందాం అత్తా, బయటికి వినబడకుండా ఇంట్లో పెట్టుకుందువు అని నెమ్మదిగా అన్నాను. అత్త తెర దగ్గరికి రాలేదు. అన్నం తిన్నాక మామ తల ఆనించుకునే గోడ మీద నూనె మరక ఉంటే దాన్ని చూస్తూ మాట్లాడింది.

"వద్దప్పా. ఆడ ఇంగొకామె ఉండాది. ఆయప్ప పిలిచినప్పుడల్లా కారియర్ ఎత్తుకొని వస్తాంది. నేను బయట కూర్చోని వింటాండా. పాపం, ఆమె ఇంటికి పోయేదెప్పుడు?"

జీవితంలో నేను బేరమాడకుండా ఒప్పుకున్న మాట అదొక్కటే అనుకుంటాను. వద్దు అన్న మీట నొక్కాను. కిటికీ మూసుకుంది. ప్రింటరు వైరు పీకి చూపించాను, మళ్లీ పెట్టి చూపించాను. రెండుసార్లూ యంత్రం టుంగుమని, ఎవరిదీ కాని ఒక చప్పుడు చేసింది. వ్యాపారి అప్పటికి లోపలికి వచ్చి, జేబులోనుంచి అడ్వాన్సు తీసి అత్త చేతికిచ్చాడు, ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడకుండా. టీ కొట్టాయన అత్తకూ నాకూ టీ పంపించాడు. అత్త టీ తాగకుండానే, ఎండలో ఒక్కతే, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటి దారి పట్టింది. ఆ తర్వాత ఆమె ఆ వీధి వైపు రాలేదు. తన బాడుగ మీద తాను బతికి, కొన్నేళ్ల కిందట పోయింది.

ఇప్పుడు ప్రతి కొట్టులోనూ ఇన్వర్టర్లున్నాయి. కరెంటు పోయినట్టు కూడా తెలియదు, ఆ కాస్త నిశ్శబ్దం మన మధ్యాహ్నాల్లోంచి పోయింది. నా ఫోను మొన్న పొద్దున, నేను అడగకుండానే, చనిపోయిన మా నాయన బెల్లం తూస్తున్న ఫోటో ఒకటి తీసి, కింద పాట కూడా పెట్టి చూపించింది. పోయినవాళ్ల గొంతులు, మొహాలు అన్నీ ఎక్కడో భద్రంగా ఉన్నాయట, ఎప్పుడు చూపాలో ఫోన్లే చూసుకుంటాయట. మన కాలంలోని యంత్రాలకు తెలివి తక్కువే గానీ, దాచమంటావా వద్దా అని ఒక మాట అడిగేవి. ఇంట్లోవాళ్లు ఆలోచించుకుని చెప్పేదాకా ఆగేవి.